క్యాట్‌లో ‘ఒక్క ప్రశ్నా వదలకూడదు’ అన్నది తప్పు సలహా

విజయనగరం, శ్రీకాకుళం డిగ్రీ విద్యార్థుల ఫోన్లలో ఒక వాట్సాప్ సందేశం చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: ఐఐఎం అనే జాతీయ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్‌లో నెగ్గాలంటే ఇంజినీరింగ్ చదివి ఉండాలి, హైదరాబాద్‌లో ఏడాది కోచింగ్ తీసుకోవాలి, రోజుకు 12 గంటలు చదవాలి, ఆంగ్ల పదాలు వేలకొద్దీ కంఠస్థం చేయాలి, పరీక్షలో ఒక్క ప్రశ్నా వదలకూడదు, ఇవేవీ కుదరని మనవైపు పిల్లలకు, రాష్ట్రంలోని కాలేజీల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్ చాలు. నెల్లిమర్ల నుంచి నా దగ్గరికి లెక్కలకు వచ్చే బీకాం అమ్మాయి దీన్ని చూపించి, “మాస్టారూ, అయితే నేను దరఖాస్తు పెట్టడం దండగేనా?” అని అడిగింది. ఆ ప్రశ్న విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఇందులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ‘ఒక్క ప్రశ్నా వదలకూడదు’ అన్న మాట. అది ఐసెట్‌కు సరిపోయే సలహా. అక్కడ 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, తప్పుకు మార్కుల కోత లేదు. తెలియకపోయినా ఏదో ఒకటి గుర్తించి రావాల్సిందే. క్యాట్ స్వభావం వేరు. 2024లో 68 ప్రశ్నలిచ్చారు. ఆంగ్లం, డేటా–లాజిక్, లెక్కలు అని మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో సమయం మిగిలినా మరోదానికి వాడుకోనివ్వరు. సరైన జవాబుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు గుర్తిస్తే 1 పోతుంది. అలాంటి ప్రశ్నలు 20 హడావిడిగా చేసి, వాటిలో 10 తప్పితే చేతికొచ్చేది 20 మార్కులు. 12 మాత్రమే చేసి 9 సరిగా రాస్తే 24. తక్కువ చేసినవారికే ఎక్కువ వచ్చింది! జవాబు టైపు చేయాల్సిన ప్రశ్నలకు కోత లేదు కాబట్టి వాటి దగ్గర భయం అక్కర్లేదు.

డేటా, లాజిక్ విభాగంలో ఈ వదలడం మరీ ముఖ్యం. ఒక పట్టికో, ఒక చిక్కుముడో ఇచ్చి దాని కింద నాలుగైదు ప్రశ్నలు అడుగుతారు; దాన్నే సెట్టు అంటారు. మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టుకోకుండా అన్ని సెట్లూ చదివి, ఏ రెండిటితో మొదలుపెట్టాలో తేల్చుకోమని మా పిల్లలకు చెబుతాను. మొదట కనిపించిన సెట్టుతోనే ఇరవై నిమిషాలు కుస్తీ పట్టినవారు, చివర్లో ఉన్న సులువైన సెట్టును చూడకుండానే బయటికి వస్తారు.

ఇక ఆంగ్ల పదాల మాట. 2024లో ఆంగ్ల విభాగంలోని 24 ప్రశ్నల్లో 16 వ్యాసాలు చదివి జవాబివ్వాల్సినవే. మిగిలినవి సారాంశం ఎంచడం, వాక్యాలను వరసలో పెట్టడం వంటివి. ‘ఈ పదానికి అర్థమేమిటి’ అని నేరుగా అడిగే ప్రశ్నలు కావవి. రోజూ ఆంగ్ల పత్రికలో ఒక సంపాదకీయం చదివి, ప్రతి పేరా పక్కన రచయిత ఏమంటున్నాడో ఒక్క ముక్క తెలుగులో రాసుకుంటే చాలు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది బాగా పనిచేయడం నేను చూశాను.

12 గంటల సంగతి ఆ అమ్మాయి నోటు పుస్తకమే చెబుతుంది. ప్రతి మాక్ టెస్టుకూ, అంటే సాధన కోసం రాసే నమూనా పరీక్షకూ, అందులో మూడు గళ్లు గీసింది: ‘రాదు’, ‘వచ్చు గానీ తొందరపడ్డాను’, ‘వదలాల్సింది’. మొదటి పరీక్షలో లెక్కల్లో 11 తప్పులు వస్తే, ‘రాదు’ గడిలో పడ్డవి నాలుగే. ఒకచోట లాభం అడిగితే అమ్మిన ధర రాసింది. ఇంకోచోట బారువడ్డీకి చక్రవడ్డీ కట్టింది. ఇంకో ఆరు గంటలు సూత్రాలు వల్లె వేస్తే ఈ తప్పులు పోతాయా? రెండు గంటల పరీక్షను రెండు సాయంత్రాలు తిరగేస్తేనే ఇవి బయటపడ్డాయి.

ఇంజినీరింగ్ తప్పనిసరి అన్నది పచ్చి అబద్ధం. ఏ డిగ్రీ అయినా 50 శాతం మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 45. లెక్కల్లో ఎక్కువ భాగం శాతాలు, నిష్పత్తులు, కాలం–పని, బీజగణితం వంటి బడిలో నేర్చినవే. తెర మీద క్యాలిక్యులేటర్ కూడా ఉంటుంది. కోచింగ్ కొందరికి ఉపయోగపడవచ్చు, కాదనను. కానీ అప్పు చేసి హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. క్యాట్ నిర్వహించే ఐఐఎం నమూనా పరీక్షను వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది.

ఆ సందేశం చెప్పని సంగతి ఒకటుంది. చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు పది, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా లెక్కిస్తాయి. క్యాట్ పేరు చెప్పి డిగ్రీ పరీక్షలను గాలికొదిలేస్తే ఆ దెబ్బ అక్కడ తగులుతుంది.

‘మనవైపు పిల్లలకు ఐసెట్ చాలు’ అట! ఐసెట్ మంచి పరీక్షే, రాయండి. అయితే శ్రీకాకుళం నుంచి విశాఖ బస్సెక్కితే, ఆనందపురం దాటాక గంభీరంలో ఉన్నది ఐఐఎం విశాఖపట్నమే. 2015లో మొదలైన సంస్థ. మన పిల్లలు దాని పక్కనుంచే వెళ్లిపోవాలని ఎవరు నిర్ణయించారు?

నెల్లిమర్ల అమ్మాయి దరఖాస్తు పెట్టేసింది. రేపు సాయంత్రం ఆమె ఏడో మాక్ టెస్టు.