లెఫ్ట్ రైట్ ఎందుకంటే

డ్రోన్ల కాలంలో సైన్యానికి ఇంకా ఈ కవాతు దేనికని ఒకరు రాశారు. శ్రీకాకుళం నుంచి వెళ్లి పదిహేడేళ్లు సైన్యంలో చేసినవాణ్ణి, ఒక మాట చెప్తాను. యుద్ధంలో ఎవరూ కవాతు చేస్తూ వెళ్లరు, నిజమే. ఒక్కో గుండూ నింపుకుని పేల్చే పాత తుపాకుల రోజుల్లో వరస చెదరకుండా ఉండటానికి దీని అవసరం పడింది. ఇప్పుడు దీని పని వేరు.

మా బ్యాచ్‌లో ఒకడికి కుడికాలితోపాటు కుడిచెయ్యే లేచేది. కవాతు నేర్పే ఉస్తాద్ తిట్లు వాడికి, రైఫిల్ నెత్తిమీద పెట్టుకుని గ్రౌండ్ చుట్టూ పరుగు మా అందరికీ! చివరికి రాత్రిపూట బ్యారక్‌లో, బకెట్లు పక్కకు జరిపి, మేమే వాడికి నడక నేర్పాం. నిమిషానికి 120 అడుగులు. 'థమ్' (ఆగు) అనగానే ముప్పైమంది మడమలదీ ఒక్కటే చప్పుడు. మాట చెవిన పడగానే ఒళ్లు కదలడం అక్కడే అలవాటైంది.

కాకపోతే ఫైరింగ్ టైము కూడా దీనికే తినేస్తామంటే నేనూ ఒప్పుకోను.