బోర్లా పడుకుంటే 40 శాతం

మసాజ్ బల్ల మీద బోర్లా పడుకున్న మనిషి నోట్లోంచి వచ్చే "అబ్బా..." సుఖమా, బాధా? ఇంత ముఖ్యమైన ప్రశ్నను ఇండొనేషియా పట్టించుకుంది. ఆ దేశం 2022లో చేసిన 1వ నంబరు చట్టం, అది సుఖమేనని తేల్చింది. డిస్కో, కరావోకే, నైట్ క్లబ్, బార్‌ల వరుసలో స్పాలను కూడా కూర్చోబెట్టి, వీటి మీద వినోద పన్ను 40 శాతానికి తగ్గకూడదు, 75కు మించకూడదు అని రాసేసింది. 2024 జనవరిలో అమలుకు వచ్చింది.

బాలి ద్వీపంలో స్పా నడిపేవాళ్లు లబోదిబోమన్నారు. నేను మాత్రం చట్టం పక్షమే. తాగి చిందులేసేవాడికీ, కొబ్బరినూనె రుద్దించుకుంటూ గుర్రుపెట్టేవాడికీ తేడా ఏముంది? తాను ఏం చేస్తున్నాడో ఇద్దరికీ తెలియదు. సినిమాకు మాత్రం 10 శాతం దాటొద్దన్నది ఇదే చట్టం. అదీ న్యాయమే. అంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది కాబట్టి సినిమాను పూర్తి వినోదం అనలేం.

ఇంకో సూక్ష్మం ఉంది. మామూలు మసాజ్ పార్లర్లనూ, పాదాలు నొక్కే రిఫ్లెక్సాలజీనీ ఈ చట్టం 10 శాతం గదిలోనే ఉంచింది. అంటే అదే ఆవిడ, అవే బొటనవేళ్లు, నొప్పెట్టే భుజమూ అదే. బోర్డు మీద 'పిజాత్' (వాళ్ల భాషలో మసాజే) అని ఉంటే పది, 'స్పా' అని ఉంటే నలభై. ఒక దేశ ఖజానా భవిష్యత్తు బోర్డులు రాసే పెయింటరు చేతిలో పెట్టిన చట్టం ఇంకోటి ఉంటే చూపించండి.

నిజానికి బాలి పల్లెల్లో ఒళ్లు పట్టించుకోవడాన్ని విలాసం అని ఎవరూ అనుకోలేదు. బురదలో, వానలో నాని ఇంటికొచ్చిన రైతు ఒళ్లు వేడెక్కడానికి బియ్యం, అల్లం, లవంగాలు నూరిన 'బోరెహ్' ముద్ద పట్టించేవారు. కాలు బెణికితే 'బాలియాన్' అనే నాటువైద్యుడి దగ్గరికి పోవాలి. ఈ వైద్యానికి 'ఉసద' అని తాటాకు గ్రంథాలున్నాయి. సింగరాజాలో 1928లో పెట్టిన గెడోంగ్ కిర్త్య గ్రంథాలయం ఇలాంటి తాటాకులకే పుట్టిల్లు. ఇక ఒళ్లు బరువెక్కి జలుబు చేస్తే, ఒంట్లో గాలి చొరబడిందని చెప్పి, వీపుకు నూనె రాసి నాణెం అంచుతో గీస్తారు. 'కెరోకాన్' అంటారు దీన్ని, ఇండొనేషియా అంతటా ఉంది. ఎర్రటి చారలు తేలేదాకా ఆపరు. ఆ సమయంలో రోగి అనే "అబ్బా"ను ఒక్కసారి చట్టసభలో వినిపించి ఉంటే 75 శాతం అంకె పుట్టేదా?

సరే, స్పా యజమానుల మీద జాలిపడే ముందు వాళ్ల బ్రోచర్లు కూడా చదవాలి. పూలు తేలే తొట్టె, అగరు పొగ, పక్కన కొలను, కింద "స్వర్గసుఖం" అని బంగారు అక్షరాలు. జావా రాజమహళ్ల 'లులుర్' నలుగును కూడా బాలి మెనూలోకి ఎక్కించి రాణుల భోగమని అమ్మారు. ఏళ్ల తరబడి ఇలా ఊదరగొట్టి, పన్ను నోటీసు రాగానే "అయ్యా, మాది వైద్యం" అన్నారు. పన్ను అధికారి చేసిన నేరమల్లా ఆ బ్రోచర్‌ను నమ్మడమే.

వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. 2025 జనవరిలో తీర్పు వచ్చింది: స్పా వినోదం కాదు, సంప్రదాయ ఆరోగ్య సేవ. ఆ రోజు నుంచి "అబ్బా" అధికారికంగా బాధే.

తీర్పు వచ్చాక మన బాధ్యత పెరిగింది. బాలికి వెళ్లే విదేశీయుల్లో ఆస్ట్రేలియావాళ్ల తర్వాత మనవాళ్లే ఎక్కువ. హనీమూన్ ప్యాకేజీలో కపుల్ మసాజ్ కొట్టేసే కొత్త దంపతులు ఇకపై రోగుల్లా నడుచుకోవాలి. లోపలికి వెళ్లగానే ఇచ్చే కాగితపు చెడ్డీని ఆసుపత్రి దుస్తులుగా భావించి నవ్వకుండా తొడుక్కోవాలి. ఆవిడ వంగి "ప్రెషర్ ఓకేనా?" అని అడిగితే 130/90 అని నిజం చెప్పాలి. బయటికొచ్చాక అల్లం టీ పట్టుకుని సెల్ఫీ దిగితే కోర్టు ధిక్కారం కిందికి వస్తుందో రాదో న్యాయవాదులు చెప్పాలి.

అయితే కోర్టు ముట్టుకోని చిక్కు ఒకటి మిగిలింది. 2023 డిసెంబర్ చివర్లో, సరిగ్గా ఈ పన్ను అమల్లోకి రాబోతుండగా, బాలి విమానాశ్రయం దారి వాహనాలతో బిగుసుకుపోయింది. విమానం తప్పిపోతుందన్న టెన్షన్‌తో యాత్రికులు కార్లు దిగి, టోల్ రోడ్డు మీద సూట్‌కేసులు ఈడ్చుకుంటూ నడిచారు. వారం రోజులు డబ్బు పోసి వదులు చేయించుకున్న భుజాలన్నీ ఆ కాస్త దూరంలోనే మళ్లీ బిగిశాయి. స్పాలకు ముడిసరుకును ఇంత నమ్మకంగా తయారుచేసి పెడుతున్న ఈ రోడ్డును వినోదం పద్దులో రాయాలా, ఆరోగ్య సేవ పద్దులో రాయాలా? దీని మీద ఇంకా ఎవరూ కేసు వేసినట్టు లేదు.