కర్బనాన్ని పట్టే గుళిక ముందు నలగకుండా నిలవాలి

థర్మల్ కేంద్రాల పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఘనపదార్థాలతో పట్టవచ్చని చెప్పే వార్తలన్నిటా ఒకే అంకె కనిపిస్తుంది: గ్రాము పదార్థం ఎన్ని మిల్లీగ్రాముల వాయువును అధిశోషిస్తుందన్నది, అంటే తన ఉపరితలానికి పట్టి ఉంచుకుంటుందన్నది. సాధారణంగా ఆ అంకెను ప్రయోగశాలలో చిటికెడు పొడి మీద కొలుస్తారు. పొడిని పొగ దారిలో పరిస్తే ఎగిరిపోతుంది, లేదా దారినే మూసేస్తుంది. అందుకే దానిని గుళికగానో, తేనెపట్టు వంటి దిమ్మగానో మలచక తప్పదు.

చిక్కంతా అక్కడే ఉంది. ఈ గుళికలు మట్టిపాత్రల్లా కాల్చి గట్టిపరచిన సిరామిక్‌లు; వాయువు చేరడానికి కావలసిన రంధ్రాలే వాటి బలాన్ని హరిస్తాయి. అల్యూమినా, జిర్కోనియా అనే సిరామిక్‌లపై 1953లో రిష్కెవిచ్ అనే పరిశోధకుడు ప్రచురించిన కొలతల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, పదార్థంలో సగం ఖాళీ అయితే మిగిలే బలం ఏడో వంతుకు మించదు. అలాంటి గుళికలు మీటర్ల ఎత్తున పేరుకుని పైబరువును మోయాలి. వాయువును పట్టి, తిరిగి వదిలించడానికి పది నిమిషాలకొకసారి పీడనాన్ని పెంచి తగ్గించే పద్ధతిలో ఆ ఒత్తిడిని ఏడాదికి 52 వేలకు పైగా సార్లు భరించాలి. నలిగి రాలిన ధూళి సందులను పూడ్చితే పొగను నెట్టే బ్లోయర్లకు మరింత విద్యుత్తు కావాలి, అంటే కర్బనాన్ని పట్టడం కోసమే మరికొంత బొగ్గు కాలుతుంది!

పట్టే శక్తి లేకుండా గట్టిదనం ఒక్కటీ ఎందుకని శాస్త్రవేత్తలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే బలం కోసం 13ఎక్స్ జియోలైట్‌కు (కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే, అతిసూక్ష్మ రంధ్రాలున్న పదార్థానికి) నూటికి 20 పాళ్లు బంకమట్టి కలిపితే, పనిచేసే పదార్థం 80 పాళ్లకు దిగుతుంది. పొడి మీద కొలిచిన అంకె గుళికలో మిగలదు.

నన్ను ఉత్సాహపరిచే దారి వేరొకటి ఉంది. కేయోలిన్ అనే తెల్ల బంకమట్టితో గుళిక చేసి, కాల్చి, క్షార ద్రావణంలో ఉడికిస్తే ఆ మట్టే జియోలైట్‌గా మారుతుంది. బంధించే పదార్థమే వాయువునూ పట్టుకుంటుంది. రామగుండం, సింహాద్రి కేంద్రాల్లో మిగిలే బూడిదలోనూ ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినాలే కనుక, దాని నుంచీ జియోలైట్ తీయవచ్చు. సిరామిక్ తయారీపై పనిచేసే పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ హైదరాబాద్‌లోనే ఉంది. ముడిసరుకూ నైపుణ్యమూ ఇంత దగ్గరగా ఉండగా పొడి మీద పత్రాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ప్రజాధనానికి అన్యాయం. నిధులిచ్చే ప్రభుత్వ శాఖలు ప్రతి నివేదికలోనూ మూడు వివరాలు తప్పనిసరి చేయాలి: గుళిక ఎంత భారానికి నలిగింది, వేల సార్లు వాడాక ఎంత ధూళి రాలింది, తేమతో కూడిన పొగలో లీటరు గుళికలు ఎంత వాయువును పట్టాయి.