ఓములు కలిస్తే చాలదు, సర్క్యూట్ బయటపెట్టాలి

మా ఇంట్లో టీవీ ఆగిపోతే మెకానిక్ వచ్చి వెనక మూత విప్పాడు. పవర్ బోర్డు మీద ఓపెన్ అయిన, అంటే లోపల తెగిపోయిన రెసిస్టర్‌ను మల్టీమీటర్ పెట్టి చూపించాడు. రెసిస్టర్ అంటే కరెంటును అడ్డుకుని అదుపులో పెట్టే చిన్న పార్టు, ఎంత అడ్డుకుంటుందో ఓముల్లో కొలుస్తారు. ‘రూపాయి పార్టు, పది నిమిషాల పని’ అన్నాడు. అన్నట్టే టీవీ వచ్చింది. మూడు నెలలు తిరక్కుండా మళ్లీ ఆగింది. వినగానే అందరూ మెకానిక్‌నే తప్పుపడతారు. నేను పట్టను. అతనికి తెలియాల్సింది తెలియకుండా దాచిపెట్టినవాళ్లదే తప్పు.

ఆ బోర్డులో నిజానికి రెండు రెసిస్టర్లు ఉండేవి. ఒక్కోటి 330 కిలో ఓములు, ఒకదాని వెనక ఒకటి. మధ్యలో రాగి గీత లేచిపోయిందని మెకానిక్ రెండూ పీకేసి 680 కిలో ఓములది ఒక్కటే వేశాడు. లెక్క వేసి చూడండి. మన 230 వోల్టుల కరెంటు బ్రిడ్జ్ డయోడ్లు, పెద్ద కెపాసిటర్ దాటేసరికి దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. దానికి ఆ రెసిస్టర్‌లో పుట్టే వేడి 0.16 వాట్. పావు వాట్‌ది వేస్తే సరిపోవాలి. ఓములు కలిశాయి, వాట్లు కలిశాయి. మరెందుకు పోయింది? మామూలు పావు వాట్ రెసిస్టర్ తట్టుకునే వోల్టేజ్ సాధారణంగా 250 దగ్గరే ఆగిపోతుంది. డిజైన్ చేసినాయన రెండు పెట్టింది భారం చెరి సగం పంచడానికి. ఈ సంగతి బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు. కోఠీ గుజరాతీ గల్లీలో పార్టులు అమ్మే ఒక పెద్దాయన బోర్డు తిప్పి చూసి చెబితే నాకు తెలిసింది.

అది టీవీ ఆగడంతో పోయింది. ఇల్లు కాలే రకం ఇంకోటుంది. చాలా ఛార్జర్లలో, అడాప్టర్లలో కరెంటు లోపలికి రాగానే ఎదురయ్యేది ఫ్యూజబుల్ రెసిస్టర్. పది ఓములో, అటూ ఇటుగానో ఉంటుంది. లోపల షార్ట్ అయితే మంట రాకుండా తాను తెగిపోవడం దాని డ్యూటీ. దాని స్థానంలో పది ఓముల కార్బన్ రెసిస్టర్ వేసినా ఛార్జర్ పనిచేస్తుంది. కస్టమర్ సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. రేపు షార్ట్ అయిన రోజు ఆ కార్బన్ రెసిస్టర్ తెగకుండా ఎర్రగా కాగి మంటెత్తుకోవచ్చు. ‘ఎందుకైనా మంచిది, రెండు వాట్లది వేశా’ అనేవాళ్లూ ఉన్నారు. మిగతా చోట్ల అది మంచి అలవాటే. ఇక్కడ మాత్రం ప్రమాదం, ఎందుకంటే తెగాల్సిన సమయానికి అది తెగదు.

మాడిన రెసిస్టర్ తన విలువ కూడా నిజం చెప్పదు. విలువ చెప్పేవి దాని మీది రంగు చారలే. వేడికి మొదటి ఎర్ర చార గోధుమ రంగుకు తిరిగితే 22 ఓములది 12 అనిపిస్తుంది. పవర్ బోర్డులో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ కింద కరెంటును కొలిచే 0.22 ఓముల రెసిస్టర్ సంగతి మరీ సున్నితం. ఆ స్విచ్‌ను నడిపే యూసీ3842 లాంటి ఐసీ ఆ రెసిస్టర్ మీద ఒక వోల్టు కనిపించగానే కరెంటు ఆపేస్తుంది. అంటే నాలుగున్నర ఆంపియర్ల దగ్గర. అంచనాగా 0.1 ఓమ్ వేశారా, పది ఆంపియర్ల దాకా ఊరుకుంటుంది. ఈలోపు మాస్‌ఫెట్ పేలిపోతుంది, కొత్త రెసిస్టర్ కూడా దానితోపాటే పోతుంది.

అందుకే బోర్డు రిపేరు వద్దు, మొత్తం మార్చేయండి అంటాయి కంపెనీలు. హై వోల్టేజ్ ఉన్న చోట తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదన్న మాట నిజమే. తెలియనివ్వనిది ఎవరు? వెనకటి టీవీలు చాలావాటికి సర్క్యూట్ డయాగ్రమ్ మడతపెట్టి ఇచ్చేవారు. ఏ పార్టు పోతే అచ్చంగా అదే రకం వేయాలో త్రికోణంలో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి చెప్పేవారు. ఆ కాగితం తీసేసి, ఇప్పుడు మెకానిక్‌కు తెలియదంటే ఎలా?

రూపాయి పార్టు కోసం వేల రూపాయల బోర్డు చెత్తలోకి పోతోంది. దీన్ని టెక్నికల్ గొడవ అని వదిలేయకూడదు. ఇది కొనుక్కున్నవాడి హక్కు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. 2025 మేలో రిపేరబిలిటీ ఇండెక్స్, అంటే వస్తువును రిపేరు చేయడం ఎంత సులువో చెప్పే స్కోరు మీద వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. రిపేరు సమాచారం, విడిభాగాల లభ్యత అందులో కొలమానాలే. కానీ మొదటి వరసలో ఉన్నవి స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లే. స్కోరు కూడా కంపెనీలే వేసుకుని ప్రకటించుకోవాలట. తన పేపరు తానే దిద్దుకునే పరీక్ష ఏం పరీక్ష? ఫ్రాన్స్ 2021 జనవరిలో మార్కులు వేయడం మొదలుపెట్టినప్పుడే టీవీలు, వాషింగ్ మెషిన్లు ఆ జాబితాలో ఉన్నాయి. మన దగ్గర కూడా ఉండాలి. పవర్ బోర్డు సర్క్యూట్ డయాగ్రమ్, ప్రతి సేఫ్టీ పార్టు రకం, వాటేజ్, వోల్టేజ్ వెబ్‌సైట్‌లో పెట్టని కంపెనీకి రిపేరు సమాచారం కింద సున్నా వేయాలి. ఆ సున్నా అట్టపెట్టె మీద, ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి.