లాటరీ మోకాళ్ళు చూడదు

మా మునిసిపాలిటీకి ముసలివాళ్ళంటే పట్టదని ఈ మధ్య కొందరు తెగ ఇదైపోతున్నారు. అన్యాయమండీ. ఒకటో తారీఖు వచ్చిందంటే తెల్లారీ తెల్లారకముందే వార్డు సచివాలయం సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి 4000 రూపాయల పింఛను చేతిలో పెట్టి మరీ వస్తున్నారు. ఎవరు మంచం పట్టారో, ఎవరు కూతురింటికి వెళ్ళారో, ఎవరికి వేలిముద్ర పడక కన్ను చూపిస్తే గానీ మిషన్ ఒప్పుకోదో అన్నీ వాళ్ళకి కంఠతా వచ్చు. కన్నకొడుక్కి కూడా ఇన్ని సంగతులు తెలియవు. కాకపోతే అవన్నీ పింఛన్ల సెక్షనుకు తెలిసిన సంగతులు. ఇళ్ళ సెక్షను వేరు. రెంటికీ మధ్య ఒక వరండా ఉంది, దాన్ని దాటి ఇంతవరకు ఒక్క కాగితం కూడా అటు వెళ్ళినట్టు లేదు.

ఇక ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళు. ఊరి చివర, ఆటో వాడు రానూపోనూ చార్జీ అడిగేంత చివర, జీ ప్లస్ త్రీ బ్లాకులు, అంటే కింద ఒకటీ పైన మూడూ అంతస్తులు, కట్టారు. ఒక్కో ఇల్లు 300, 365 లేదా 430 చదరపు అడుగులు. లిఫ్టు లేదు. పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో వృద్ధులూ దివ్యాంగులూ ఉన్న కుటుంబాలకి కింది అంతస్తుల్లో ఇవ్వడానికి ప్రాధాన్యం ఉండాలని రాసుంది, నిజమే. కానీ కింది అంతస్తు ఎవరికివ్వాలో మనుషులు కూర్చుని తేలిస్తే పక్షపాతం అంటారని మావాళ్ళు లాటరీ తీశారు. లాటరీ అంత నిష్పక్షపాతమైనది ఇంకోటి లేదు. అది పార్టీ చూడదు, కులం చూడదు, మోకాళ్ళు అసలే చూడదు.

అలా మూడో అంతస్తు తగిలిన మామ్మగారొకావిడ ఉన్నారు. మధ్య మలుపులో ఎవరో పాత ప్లాస్టిక్ కుర్చీ వేశారు, చెయ్యి విరిగింది, అయినా ఆ మెట్ల మీద అధికారికంగా కాకపోయినా వృద్ధులకంటూ ఉన్న ఏకైక సౌకర్యం అదే. కూరలబండి అరుపు వినిపిస్తే మామ్మగారు బాల్కనీలోంచి తాడు కట్టిన బకెట్ దింపుతారు, అందులో ఇరవై నోటు, దాని మీద గాలికి ఎగరకుండా చిన్న రాయి. బకెట్ పైకొచ్చేసరికి కొత్తిమీర కట్టతో పాటు చిల్లరా, ఆ రాయీ ఉంటాయి. రవాణా వ్యవస్థ అంటే ఇదీ, పైసా ఖర్చు లేకుండా! ఒకటో తారీఖున పింఛను పిల్ల మూడంతస్తులూ ఎక్కి ఆయాసపడుతూ "మామ్మగారూ, వేలు కాస్త గట్టిగా నొక్కండి" అంటే ఆవిడ "నొక్కుతానమ్మా, గీతలెక్కడున్నాయి నొక్కడానికి? ముందు నువ్వు కూర్చో, మంచినీళ్ళు తాగు" అన్నారు. చూశారా, ప్రభుత్వం వృద్ధుల దగ్గరికి వస్తే వృద్ధులు ప్రభుత్వాన్ని ఆదుకుంటున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం దిక్కులేని పెద్దవాళ్ళ కోసం దశలవారీగా, మొదట జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది ఉండగలిగే వృద్ధాశ్రమాలు పెట్టొచ్చంది. 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కలెక్టర్లు రాత్రికి రాత్రి రెట్టింపయ్యారు, ఎస్పీలు రెట్టింపయ్యారు. ఆశ్రమాలు మాత్రం దశలవారీగా అన్నారు కదా, చట్టం మీద గౌరవం ఉన్నవాళ్ళెవరూ తొందరపడరు. 2019లో కేంద్రం రిటైర్మెంట్ హోమ్‌లకి నమూనా మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. ర్యాంపులు, పట్టుకోవడానికి కడ్డీలు, జారని నేల, ఒకటా రెండా. అయితే అది డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళ సంగతి, పిల్లలు డాలర్లు పంపిస్తే అడ్వాన్సు కట్టేవాళ్ళ సంగతి. ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లో కాలు జారదని మా ఇంజనీర్ల నమ్మకం.

అసలైన దీర్ఘకాలిక ప్రణాళిక వేరే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. రాష్ట్రంలో ముసలివాళ్ళు పెరిగిపోతున్నారు, పిల్లల్ని ఎక్కువగా కనండని 2024లో ముఖ్యమంత్రిగారే పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధన కూడా ఆ ఏడాదే పోయింది. ఇందులో ఎంత లోతుందో లెక్క వేసి చూడండి. ఇద్దరు కొడుకులుంటే అమ్మకి వంతు ఆరేసి నెలలు, సగం ఏడాది ఒకే కోడలితో, ఇద్దరికీ కష్టం. ముగ్గురుంటే నాలుగు నెలలే. పన్నెండు మందిని కంటే నెలకో ఇల్లు, మునిసిపాలిటీ ఒక్క ఇటుక పెట్టక్కర్లేదు. పైగా పన్నెండు మందిని కన్న తండ్రి కౌన్సిలర్‌గా నిలబడటానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు, ఇంట్లో ఓట్లే చాలు.

ఇంకో విషయం. చట్టం ప్రకారం అరవై నిండితే వయోవృద్ధులు. మన రాష్ట్ర ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 2022 నుంచి 62. అంటే ఈ ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే పెద్దల్లో కొందరు స్వయానా వృద్ధులే, వాళ్ళకి తెలియదని ఎలా అంటాం? మొన్న ఒకాయన, ఇంకో ఏడాదిలో రిటైరవబోయే ఇంజనీరుగారు, బైపాస్ దగ్గర ఫ్లాటు చూడ్డానికి వెళ్ళారట. బిల్డరు మూడో అంతస్తులో తూర్పు ఫేసింగ్ ఉందండీ, గాలి బాగా వస్తుంది అన్నాడట. ఆయన గాలి సంగతి అడగలేదు, వాస్తు అడగలేదు. లిఫ్టుకి జనరేటర్ బ్యాకప్ ఉందా అని అడిగారట.