అరవై ముక్కల్లో అందరూ ఎల్ఫులేనా?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటను రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించాడు. 1993లో అమెరికాలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇందులో ఎవరి డెక్ (ఆడే కార్డుల కట్ట) వాళ్లే కట్టుకుని రావాలి. కనీసం 60 కార్డులుండాలి. మామూలు ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే మనాని ఇచ్చే కార్డులు) తప్ప ఏ కార్డయినా నాలుగుకు మించకూడదు. విడిగా 15 కార్డుల వరకు సైడ్‌బోర్డ్, అంటే ఆటకీ ఆటకీ మధ్య మార్చుకునే కార్డులు, పెట్టుకోవచ్చు. పాపర్ అనే పద్ధతిలో అయితే ఎప్పుడో ఒకసారి కామన్‌గా, అంటే తేలిగ్గా దొరికే రకంగా, అచ్చయిన కార్డులే చెల్లుతాయి. 2019లో కంపెనీ దీన్ని అధికారిక ఫార్మాట్ చేసింది. జేబుకు పెద్దగా భారం పడదు కాబట్టి కొత్తగా టోర్నమెంట్లకు వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది పాపర్ గురించే.

డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్న ఒక అక్కనీ తమ్ముడినీ ఊహించుకోండి. శుక్రవారం సాయంత్రం దగ్గర్లోని షాపులో పాపర్ టోర్నమెంట్ ఉంది. అక్క ఎల్ఫుల డెక్ కట్టింది, అంటే అందులో క్రీచర్లన్నీ (పోరాడే జీవుల కార్డులన్నీ) ఎల్ఫులనే అడవి జాతివే. తమ్ముడికి అది నచ్చలేదు. వాదన నేను అల్లిందే గానీ కార్డులూ లెక్కలూ నిజమైనవి. నా మొగ్గు అక్క వైపే. అయినా తమ్ముడి మాటలు తీసిపారేసేవి కావు, అందుకే అతన్నే ముందు మాట్లాడనిస్తున్నాను.

తమ్ముడు: అక్కా, డెక్ మొత్తం చూశాను. ఉన్న 36 క్రీచర్లూ ఎల్ఫులే. ముచ్చటగా ఉంది, కాదనను. కానీ టోర్నమెంట్‌కి వెళ్తున్నప్పుడు ప్రతి కార్డునీ ఒకటే అడగాలి, నువ్వు నన్ను గెలిపిస్తావా అని. నువ్వేమో ముందు ఎల్ఫువా కాదా అని అడుగుతున్నావు. దాంతో సగం మంచి కార్డులు గుమ్మం బయటే ఆగిపోతున్నాయి.

అక్క: ఈ డెక్‌లో ఆ రెండు ప్రశ్నలూ ఒకటే రా. ప్రీస్ట్ ఆఫ్ టైటానియా చూడు. రెండు మనాకి వస్తుంది, బల్ల మీద ఎన్ని ఎల్ఫులుంటే అన్ని పచ్చ మనా ఇస్తుంది. టింబర్‌వాచ్ ఎల్ఫ్ కూడా అంతే, ఎన్ని ఎల్ఫులుంటే ఒక క్రీచర్‌కి ఆ టర్న్‌లో అంత బలం పెంచుతుంది. లిస్ అలానా హంట్‌మాస్టర్ ఉన్నప్పుడు నేను ఎల్ఫు వేసిన ప్రతిసారీ ఇంకో ఎల్ఫు టోకెన్ (డెక్‌లో లేని అదనపు క్రీచర్) ఊరికే వస్తుంది. నువ్వు చెప్పే మంచి కార్డు ఎంత మంచిదైనా ఈ మూడూ దాన్ని లెక్కలోకి తీసుకోవు.

తమ్ముడు: అవి చేతికొస్తే కదా! ఏ కార్డయినా నాలుగు పెట్టుకుంటే మొదటి ఏడు ముక్కల్లో కనీసం ఒకటి పడే అవకాశం నూటికి 40. అంటే పది ఆటల్లో ఆరు ఆటలు ప్రీస్ట్ లేకుండానే మొదలవుతాయి. అలాంటప్పుడు నీ చేతిలో ఉండేవి ఒకటికి ఒకటి (దెబ్బ ఒకటి, ప్రాణం ఒకటి) బలమున్న చిన్న ఎల్ఫులు. వాటితో ఎవర్ని కొడతావు?

అక్క: ఆ లెక్క నేనూ వేశాను. లానొవార్ ఎల్వ్స్ 1993లోనే వచ్చింది. ఒక మనాకి వేస్తే తర్వాత టర్న్ నుంచి ఒక పచ్చ మనా ఇస్తుంది. 1995లో ఐస్ ఏజ్‌లో ఫిండ్‌హార్న్ ఎల్వ్స్, 2013లో ఎల్విష్ మిస్టిక్ వచ్చాయి. పేర్లు వేరు, చేసే పని అచ్చంగా ఒకటే. నాలుగు దాటకూడదన్న నిబంధన పేరును బట్టే కాబట్టి మూడూ నాలుగేసి పెడితే పన్నెండు అవుతాయి. అప్పుడు మొదటి ఏడు ముక్కల్లో ఒకటైనా పడే అవకాశం నూటికి 81. కంపెనీ ముప్పై ఏళ్లుగా ఎల్ఫుల్ని అచ్చువేస్తూనే ఉంది. అందుకే ఇలా ఒకే పని చేసే కార్డులు పోగుపడ్డాయి. థీమ్ పట్టుకున్నందుకు నాకు దక్కింది అదే.

తమ్ముడు: సరే, మొదటి టర్న్‌లోనే ఎల్ఫు వేశావు. అవతలివాడు ఒక మనా పెట్టి లైట్నింగ్ బోల్ట్ వేశాడు. నీ ఎల్ఫు పోయింది, నీ స్పీడూ పోయింది.

అక్క: వాడి బోల్ట్ కూడా పోయిందిగా. నా మీద పడాల్సిన మూడు డ్యామేజ్ ఒక మనా ఎల్ఫు మీద ఖర్చయింది. నా చేతిలో ఇంకో ఎల్ఫు ఉంటుంది. బోల్ట్ పడకపోతే ఏమవుతుందో చూడు, బల్ల మీద పేర్చి చూపిస్తాను.

(ఆమె పేర్చింది ఇది. మొదటి టర్న్: ఒక ఫారెస్ట్ (పచ్చ మనా ఇచ్చే ల్యాండ్), దాని మనాతో లానొవార్ ఎల్వ్స్. రెండో టర్న్: ఇంకో ఫారెస్ట్. రెండు ఫారెస్ట్‌లూ లానొవారూ కలిసి మూడు మనా. రెండిటితో ప్రీస్ట్, ఒకటితో క్విరియన్ రేంజర్. ఈ రేంజర్ టర్న్‌కి ఒకసారి ఒక ఫారెస్ట్‌ని చేతిలోకి తీసుకుని, బదులుగా ఏదో ఒక క్రీచర్‌ని అన్‌ట్యాప్ చేస్తుంది, అంటే వాడేసి అడ్డంగా తిప్పిన (ట్యాప్ చేసిన) కార్డుని మళ్లీ వాడుకునేలా నిలబెడుతుంది.)

అక్క: ఇప్పుడు మూడో టర్న్. నా చేతికి కొత్త ల్యాండ్ రాలేదనుకో. రెండు ఫారెస్ట్‌లు ట్యాప్ చేశాను, రెండు. లానొవార్, మూడు. బల్ల మీద మూడు ఎల్ఫులున్నాయి కాబట్టి ప్రీస్ట్ మూడిస్తుంది, ఆరు. వాడేసిన ఫారెస్ట్ ఒకటి రేంజర్‌తో చేతిలోకి తీసుకుని ప్రీస్ట్‌ని అన్‌ట్యాప్ చేశాను. మళ్లీ మూడు, తొమ్మిది. చేతిలోకి వచ్చిన ఫారెస్ట్‌నే ఈ టర్న్ ల్యాండ్‌గా వేసి ట్యాప్ చేశాను, పది. రెండే రెండు ఫారెస్ట్‌లతో మూడో టర్న్‌లో పది మనా!

తమ్ముడు: పది మనా పెట్టి వేయడానికి చేతిలో ముక్కలేవీ? అప్పటికి ఉన్నవన్నీ వేసేశావు.

అక్క: లీడ్ ది స్టాంపీడ్ ఉంది. పై ఐదు కార్డులు చూసి అందులో ఉన్న క్రీచర్లన్నీ తీసుకోవచ్చు. అరవైలో 36 క్రీచర్లున్నాయి కాబట్టి సగటున మూడు వస్తాయి. మూడు మనా పెడితే మూడు ఎల్ఫులు. అవి దిగాక ప్రీస్ట్ ఇంకా ఎక్కువిస్తుంది. నువ్వు చెప్పిన మంచి కార్డుల్లో క్రీచర్లు కానివి పది తెచ్చి పెట్టాననుకో, ఈ సగటు పడిపోతుంది.

ఇక్కడ తమ్ముడు కాసేపు ఆగాడు. అతని దగ్గరున్న అసలు ఆయుధం ఇంకా బయటికి రాలేదు. లోకల్ టోర్నమెంట్‌లో థీమ్ డెక్‌కి వచ్చే నిజమైన కష్టం అవకాశాల లెక్కలో కనబడదు. ప్రతి వారం వచ్చేది దాదాపు ఆ మనుషులే. ఎవరి చేతిలో ఏముందో అందరికీ తెలిసిపోతుంది. పెద్ద టోర్నమెంట్‌లో వందల మంది మధ్య దాక్కోవచ్చు గానీ వీధి చివర షాపులో కుదరదు.

తమ్ముడు: మొదటి వారం గెలుస్తావు అక్కా, ఒప్పుకుంటాను. మూడో వారానికల్లా రెడ్ (బోల్ట్ లాంటి ఎర్ర రంగు కార్డుల డెక్) ఆడేవాళ్లందరూ సైడ్‌బోర్డ్‌లో ఎలెక్ట్రికరీ పెట్టుకుని వస్తారు. మూడు మనా పెట్టి ఓవర్‌లోడ్ చేస్తే అవతలి వాళ్ల క్రీచర్లన్నిటికీ తలా ఒక డ్యామేజ్. వాళ్ల క్రీచర్లకు ఏమీ కాదు. లానొవార్, ఫిండ్‌హార్న్, మిస్టిక్, ప్రీస్ట్, రేంజర్ అన్నీ ఒకటికి ఒకటే. ఒక్క కార్డుకి నీ బల్ల ఖాళీ. రకరకాల క్రీచర్లుండే డెక్‌కి ఇంత నష్టం జరగదు. అన్నీ ఒకే తీరున ఉండటం వల్ల వచ్చే జబ్బు ఇది.

అక్క: ఈ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. హంట్‌మాస్టర్ మూడుకి మూడు కాబట్టి నిలుస్తుంది, టింబర్‌వాచ్ ఒకటికి రెండు కాబట్టి అదీ నిలుస్తుంది. మిగతావి పోతాయి. కానీ రెండు విషయాలు చూడు. మూడు ఆటల మ్యాచ్‌లో మొదటి ఆటకి సైడ్‌బోర్డ్ రాదు. ఆ ఆట నేను నా పద్ధతిలో ఆడొచ్చు. ఇక వాళ్ల సైడ్‌బోర్డ్‌లో ఉండేవి 15 స్థానాలే. నా కోసం మూడు కేటాయిస్తే అఫినిటీ అనే డెక్‌కీ, బ్లూ డెక్‌లకీ, గ్రేవ్‌యార్డ్‌తో (వాడేసిన కార్డుల కుప్పతో) ఆడేవాళ్లకీ కలిపి పన్నెండే మిగులుతాయి. ఎవరూ అందరికీ మందు పెట్టుకోలేరు.

తమ్ముడు: మిగతా రెండు ఆటల సంగతేంటి?

అక్క: స్పైడర్‌సిల్క్ ఆర్మర్ రెండు పెట్టాను. మూడు మనా ఎన్‌చాంట్‌మెంట్, అంటే బల్ల మీదే ఉండిపోయే మంత్రం. నా క్రీచర్లన్నిటికీ ప్రాణం ఒకటి పెరుగుతుంది, ఎగిరేవాటిని అడ్డుకునే రీచ్ కూడా వస్తుంది. అది బల్ల మీద ఉంటే ఎలెక్ట్రికరీకి ఒక్క ఎల్ఫు కూడా పోదు.

తమ్ముడు: దొరికావు! అది ఎల్ఫు కాదు కదా. అంటే అవసరమొస్తే థీమ్ పక్కన పెడతావు. అలాంటప్పుడు ఫారెస్ట్ వెతికి తెచ్చే నీ ల్యాండ్ గ్రాంట్ కార్డులు నాలుగూ తీసేసి జెనరస్ ఎంట్ పెట్టు. ఒక మనా కట్టి పారేస్తే డెక్‌లోంచి ఫారెస్ట్ తెస్తుంది, ఆట సాగితే ఆరు మనాకి ఐదుకి ఏడు చెట్టు మనిషిగా దిగుతుంది. క్రీచర్ కాబట్టి నీ లీడ్ ది స్టాంపీడ్‌కీ దొరుకుతుంది. ల్యాండ్ గ్రాంట్ ఊరికే వేయాలంటే నీ చెయ్యి మొత్తం అవతలివాడికి చూపించాలి. ఏ ఎల్ఫుని కొట్టాలో వాడికి నువ్వే చెప్పినట్టు.

అక్క: చెయ్యి చూపించడం నష్టమే. కానీ ల్యాండ్ ఒక్కటి కూడా పడని చెయ్యి వచ్చిందనుకో. ఎంట్‌ని పారేయడానికి ఒక మనా కావాలి, ఆ మనా ఇచ్చే ల్యాండే లేదు కాబట్టి రమ్మీలో జోకర్ కోసం ఎదురుచూసినట్టు కూర్చోవాలి. ల్యాండ్ గ్రాంట్‌కి ఆ బాధ లేదు. చేతిలో ల్యాండ్ లేకపోతేనే అది ఊరికే పడుతుంది. పదమూడు ఫారెస్ట్‌లతో బండి లాగుతున్నానంటే ఆ నాలుగు కార్డుల వల్లే. ఎంట్ ఎల్ఫు కాదని నేను దాన్ని వద్దనట్లేదు. అది నా మొదటి టర్న్‌ని కాపాడలేదు కాబట్టి వద్దంటున్నాను.

తమ్ముడు: మరి థీమ్ అంటే నీకు ఏంటసలు?

అక్క: నా క్రీచర్లన్నీ ఎల్ఫులై ఉండాలి, వాటిని బల్ల మీదకి తెచ్చేవీ, బతికించేవీ ఏవైనా కావచ్చు. ఇంకో సంగతి. నువ్వు ప్రతి రెండు వారాలకీ డెక్ మారుస్తావు. గెలిచినవాళ్ల లిస్టు చూసి కట్టుకుంటావు, రెండు ఓటములు రాగానే విప్పేస్తావు. ఏ చెయ్యి ఉంచుకోవాలో, ఏది పంపించేసి మళ్లీ ఏడు తీసుకోవాలో నీకు అలవాటయ్యేలోపే డెక్ మారిపోతుంది. నాకు ఈ ఎల్ఫులంటే ఇష్టం, కాబట్టి ఓడినా ఇదే పట్టుకుని మళ్లీ వెళ్తాను. అక్కడ జరిగేది స్విస్ పద్ధతి. మొదటి రౌండ్ పోయినంత మాత్రాన ఇంటికి పంపరు, అన్ని రౌండ్లూ ఆడొచ్చు. అంత ఆట దొరికే చోట నాకు నచ్చని డెక్ ఎందుకు మోసుకెళ్లాలి?

తమ్ముడు: అన్ని రౌండ్లూ ఆడొచ్చు, నిజమే. రౌండ్‌కి 50 నిమిషాలే అక్కా. టైమ్ అయ్యాక ఐదు టర్న్‌లు, అప్పటికీ తేలకపోతే డ్రా. నీ ఒక్క టర్న్ చూశాను ఇందాక. ట్యాప్, అన్‌ట్యాప్, ఫారెస్ట్ పైకి, ఫారెస్ట్ కిందకి, టోకెన్లు, మధ్యలో మనా ఎంతుందో మర్చిపోయి మొదటి నుంచి లెక్కపెట్టావు. అవతల రెడ్ ఆడేవాడు టర్న్ అర నిమిషంలో ముగిస్తాడు. టైమంతా నీ వల్లే ఖర్చవుతుంది, టెన్షన్ కూడా నీకే. గెలవాల్సిన మ్యాచ్‌లు డ్రా అయితే ఏ ఎల్ఫూ కాపాడదు.

(ఈ మాటకు అక్క వెంటనే బదులివ్వలేదు. డెక్ ఎంచుకునేటప్పుడు చాలామంది చూడని విషయం ఇది. నా ఉద్దేశంలో ఈ వాదన మొత్తంలో తమ్ముడు అన్న అన్నిటికన్నా బరువైన మాట ఇదే.)

అక్క: దీనికి ఇవాళ్టి నుంచే సాధన చేస్తాను. ఆకుపచ్చ పూసలు ఒక గిన్నెలో పోసుకుంటాను. మనా వచ్చినప్పుడల్లా పూస బయట పెట్టడం, ఖర్చయితే తీసేయడం. టోకెన్లకి ముందే కార్డులు సిద్ధం చేసుకుంటాను. నువ్వు ఫోన్‌లో టైమర్ పెట్టి ఎదురుగా కూర్చో.

తమ్ముడు: కూర్చుంటాను. ఒక్క షరతు, ఆర్మర్లు మూడు చెయ్యి. రెండు పెట్టుకుంటే అవసరమైన ఆటలో చేతికి రావు.

అక్క: రెండే. ఆ స్థానం వెల్‌విషర్‌కి. ట్యాప్ చేస్తే బల్ల మీద ఎన్ని ఎల్ఫులుంటే అన్ని ప్రాణాలు. ఆరు ఎల్ఫులుంటే టర్న్‌కి ఆరు, వాడి రెండు బోల్టులు నీళ్లపాలు.

తమ్ముడు: వెల్‌విషర్ కూడా ఒకటికి ఒకటే. దిగిన వెంటనే బోల్ట్ వేస్తాడు.

అక్క: వేయనీ. ఆ బోల్ట్ ప్రీస్ట్ మీద పడకుండా ఉంటే చాలు.

తమ్ముడు: ఎలెక్ట్రికరీకి ప్రీస్ట్, వెల్‌విషర్ రెండూ ఒకేసారి పోతాయి. మూడు ఆర్మర్లు అక్కా, మాట విను.

అక్క: ముందు రెడ్ డెక్ తీసుకురా. పది ఆటలు ఆడదాం, ఐదు రెండు ఆర్మర్లతో, ఐదు మూడుతో. టైమర్ మర్చిపోకు.