ప్రీమియం తక్కువని ప్లాన్ మారేముందు

అమెరికాలో ఏటా ఆరోగ్య బీమా ప్లాన్ ఎంచుకునే గడువు, ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, మొదలైతే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సలహా: హై డిడక్టిబుల్ ప్లాన్ తీసుకో, హెచ్‌ఎస్‌ఏలో వేసుకో, పన్ను మిగుల్తుంది. డిడక్టిబుల్ అంటే బీమా డబ్బివ్వడం మొదలుపెట్టేలోపు ఏడాదిలో మన జేబులోంచి పెట్టాల్సిన మొత్తం. అది ఎక్కువున్న ప్లాన్లకు ప్రీమియం తక్కువ. హెచ్‌ఎస్‌ఏ అంటే వాటితోపాటు వైద్యానికి పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా. ఆరోగ్యంగా ఉన్న 25 ఏళ్ల కుర్రాడికి ఆ సలహా మంచి మాటే. ఇంట్లో షుగరో బీపీయో ఉంటే మాత్రం అంత తేలిగ్గా చెప్పకూడదు.

చేతి డబ్బు పెట్టాల్సి వస్తే జనం వైద్యం తగ్గిస్తారని, అందులో అవసరమైనదీ పోతుందని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన ఆరోగ్య బీమా ప్రయోగం 1980లలోనే తేల్చింది. 2017లో అచ్చయిన అధ్యయనం మన ఐటీ కుటుంబాలకు ఇంకా దగ్గరిది. ఒక పెద్ద కంపెనీ, దాదాపు ఉచితంగా ఉన్న ప్లాన్ తీసేసి ఉద్యోగులందర్నీ హై డిడక్టిబుల్‌కు మార్చింది. అందరివీ మంచి జీతాలే, హెచ్‌ఎస్‌ఏలో కంపెనీ కూడా డబ్బు వేసింది. అయినా వైద్య ఖర్చు 12-14 శాతం పడిపోయింది. ధరలు పోల్చి చౌకైన చోటికి వెళ్లారా అంటే, లేదు. వెళ్లడమే తగ్గించారు. ఏడాది తిరిగేలోపు డిడక్టిబుల్ ఎలాగూ దాటుతుందనుకోదగ్గ రోగులు కూడా, అది దాటేదాకా వెనకాడారు. లెక్కలు వచ్చినవాళ్లూ లెక్క తప్పే చోటిది.

కాబట్టి ప్రీమియం ఒక్కటే చూడకండి. ఏడాది ప్రీమియానికి అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్ (ఏడాదిలో మీ జేబులోంచి పోగల గరిష్ఠ మొత్తం) కలిపి, కంపెనీ హెచ్‌ఎస్‌ఏలో వేసేది తీసేయండి. రెండు ప్లాన్లకూ ఇలా కట్టి చూస్తే గడ్డు ఏడాదిలో ఏది నిలుస్తుందో తెలుస్తుంది. ఫ్యామిలీ డిడక్టిబుల్ ఎలాంటిదో కూడా అడగండి. కొన్ని ప్లాన్లలో కుటుంబం మొత్తం డిడక్టిబుల్ నిండేదాకా ఏ ఒక్కరికీ పైసా రాదు.

మందుల సంగతి మరీ ముఖ్యం. ఇన్సులిన్, షుగర్ మాత్రలు, షుగరు ఉన్నవాళ్లకు స్టాటిన్లు (కొలెస్ట్రాల్ మందులు), ఏ1సీ పరీక్ష (కొన్ని నెలల షుగరు సగటు చెప్పేది), బీపీ మిషను వంటివాటిని డిడక్టిబుల్‌తో పనిలేకుండా ఇవ్వొచ్చని 2019లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ అనుమతించింది. అనుమతి మాత్రమే, ఇవ్వాలా వద్దా అన్నది ప్లాన్ ఇష్టం. ఇలా డిడక్టిబుల్‌తో పనిలేకుండా ఇచ్చే మందుల జాబితా, అంటే ప్రివెంటివ్ డ్రగ్ లిస్ట్ ఇమ్మని హెచ్‌ఆర్‌ను అడగండి. అందులో మీ మందు లేకపోతే చేర్చమని నలుగురూ కలిసి అడగొచ్చు. కంపెనీయే సొంత డబ్బుతో బిల్లులు కట్టే సెల్ఫ్ ఫండెడ్ ప్లానైతే ఆ నిర్ణయం కంపెనీదే.

బిల్లులోని కోడ్ కూడా కొంప ముంచుతుంది. ఏ1సీ పరీక్షనే తీసుకోండి. జడ్13.1 కోడ్‌తో వెళితే షుగరు ఉందేమోనని చూసే స్క్రీనింగ్, ఇ11 పడితే ఉన్న జబ్బుకు పరీక్ష, ప్లాన్ పైన చెప్పిన అనుమతిని వాడుకోకపోతే ఇక డిడక్టిబుల్ మీదికే. ఉచితమైన యాన్యువల్ ఫిజికల్‌కు వెళ్లి మోకాలి నొప్పి సంగతి ఎత్తితే, అదే రోజు వేరే సమస్య కూడా చూశామని చెప్పే 25 మాడిఫైయర్ అనే బిల్లు కోడ్‌తో విడి విజిట్ బిల్లు రావొచ్చు. డాక్టరుకు చెప్పడం మానకండి, బిల్లు వస్తుందని తెలిసి చెప్పండి.

పన్ను మిగులు మాటకొస్తే, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో హెచ్‌ఎస్‌ఏకు స్టేట్ పన్ను మినహాయింపు లేదు. మనవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాలే అవి!